మెలూర్ ఎవరి పిల్ల

మలాయాలో క్రియాన్ ఏటి ఒడ్డున ఇంగ్లీషు మేజిస్ట్రేటు కచేరీలో నేను పంతొమ్మిదేళ్ళు దుబాసీగా పనిచేశాను. మా నాన్న నాగూరు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి మలాయీ అమ్మాయిని పెళ్ళాడాడు. అందువల్ల నాకు పుట్టుకతోనే రెండు భాషలు. దొరల కొలువులో చేరాక మూడోది అంటుకుంది. అందరూ నన్ను మున్షీ కాదిర్ అంటారు. ఒకరి నోట్లో మాట తీసి ఇంకొకరి చెవిలో వెయ్యడం నా పని. మనుషుల నోళ్ళు ఎంత కంపు కొడతాయో ఆ పని చేసినవాణ్ణే అడగాలి.

కచేరీ మెట్లెక్కేవాళ్ళలో ముగ్గురంటే నాకు రోత. ఏటి అవతలి ఒడ్డును ఏలే పంగ్లిమా తరఫున, పారిపోయి వచ్చిన బానిసల్ని అడగడానికి పడవలో వచ్చే ఆలాంగ్ ఒకడు. పారిపోయిన కూలీల జాబితా చంకలో పెట్టుకుని వచ్చే చెరుకు తోట గుమాస్తా రెండోవాడు. ఖైదీల తలలు లెక్కపెట్టుకుంటూ వచ్చే జైలరు మూడోవాడు. ముగ్గురికీ కావలసింది మనుషులే. ముగ్గురూ 'బాగున్నారా మున్షీగారూ' అని నవ్వుతూ పలకరించేవాళ్ళు. వాళ్ళు పోయాక నేను వరండా చివరికి వెళ్ళి ఉమ్మి వచ్చేవాణ్ణి. నేను వాళ్ళలాంటివాణ్ణి కాదని నాకు గట్టి నమ్మకం.

సలామా వచ్చింది వానాకాలం చివర్లో, ఏరు నిండుగా పారుతున్నప్పుడు. పొద్దున్నే కచేరీ తలుపు తీసేసరికి వరండాలో నీళ్ళోడుతూ ఒక ఆడమనిషి నిలబడి ఉంది. పాతికేళ్ళుంటాయి. పక్కన ఆరేళ్ళ పిల్ల వణుకుతోంది. రెండు అరటి బోదెలు కలిపి కట్టి, పిల్లను వాటి మీద పడుకోబెట్టి, తాను పట్టుకుని ఈదుతూ వచ్చిందట. మొసళ్ళున్న ఏట్లో ఎలా దిగావమ్మా అని అడిగితే, అవతల ఉన్న నోరు వాటి నోటికంటే పెద్దదంది.

ఆమె కథ అవతలి ఒడ్డున ప్రతి రెండో ఇంట్లో ఉన్నదే. వాళ్ళ నాన్న దున్నపోతు పంగ్లిమా తోటలో పడి మొక్కలు తొక్కింది. పంగ్లిమా జరిమానా వేశాడు. కట్టలేక ఆ మనిషి పెళ్ళాంతో సహా ఆయన ఇంట్లో పనికి కుదిరాడు. అవతల పద్ధతి ఏమిటంటే, చేసిన పని తిన్న తిండికి చెల్లు, జరిమానా మాత్రం కొండలా అలాగే ఉంటుంది. తండ్రి పోయాక అది సలామా మీద పడింది. సలామాకు పిల్ల పుడితే పిల్ల మీద పడింది. ఆ ఇంట్లో కొట్టేవాళ్ళు కారట. ఇంట్లోవాళ్ళు తిన్న కుండలోదే వీళ్ళకూ పెట్టేవాళ్ళట. అదంతా ఆమె ఏ కోపమూ లేకుండా చెప్పింది. కాని ఆ నెల పంగ్లిమా తన కూతురికి పెళ్ళి చేసి సముద్రం ఒడ్డుకు కాపరానికి పంపుతూ, వెంట వెళ్ళవలసిన దాసీ పిల్లల పేర్లు రాయించాడు. అందులో ఈ పిల్ల మెలూర్ పేరు ఉంది. పేరు రాశారని తెలిసిన రాత్రే సలామా అరటి చెట్లు నరికింది.

రెండో రోజు ఆలాంగ్ వచ్చాడు. మంచి పట్టు లుంగీ కట్టుకుని, తమలపాకుల పెట్టె పట్టుకుని, చుట్టాలింటికి వచ్చినట్టు కూర్చున్నాడు. మా మేజిస్ట్రేటు దొర నిటారుగా నిలబడి, రాణీగారి జెండా ఎగిరే నేల మీద బానిస అన్న మనిషి ఉండడని, ఈమె ఈ ఒడ్డు తొక్కిన క్షణం నుంచి స్వతంత్రురాలని చెప్పాడు. నేను మలాయీలోకి మార్చి చెప్పాను. చెబుతుంటే నాకే ఒళ్ళు పులకరించింది. ఆలాంగ్ విని, తల తిప్పి, కచేరీ ముందు కాళ్ళకు ఇనప కడియాలతో కాలువ తవ్వుతున్న పదిమందిని చూశాడు.

"మరి వాళ్ళెవరి మనుషులండీ? మా పంగ్లిమా ఎవరి కాళ్ళకీ ఇనుము వెయ్యడే," అన్నాడు.

దొర చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. వాళ్ళు నేరం చేశారు, న్యాయాధికారి విచారించి శిక్ష వేశాడు, శిక్షకు చివరి రోజు ఉంది, ఆ రోజు రాగానే కడియాలు తీసి పంపేస్తారు అన్నాడు. సలామా ఏం నేరం చేసింది, ఎవరు విచారించారు, ఆమెకు చివరి రోజు ఎప్పుడు అని ఎదురు అడిగాడు. ఆలాంగ్ తమలపాకుల పెట్టె మూసి లేచాడు. దొర మాట సబబైనదే. ఇప్పుడు ఎవరు అడిగినా సబబైనదే అంటాను.

స్వతంత్రురాలైన సలామా ఆ పూట ఏం తినాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. మూడు రోజులు తల్లీపిల్లా మా పెరటి మెట్ల మీద కూర్చుని, మా ఆవిడ రొకియా పెట్టింది తిన్నారు. నాలుగో రోజు దొరే తోటకు చీటీ రాశాడు. తోటలో కలుపు తీసే ఆడవాళ్ళు కావాలట. మూడేళ్ళకు ఒప్పందం.

ఆ ఒప్పందాలు చదివి వినిపించేది నేనే. బుధవారం పొద్దున ఇరవై ముప్ఫై మందిని వరసగా నిలబెట్టేవాళ్ళు. నేను కాగితం చదివేవాణ్ణి. ఒక్కొక్కరు వచ్చి నా చేతిలోని కలం చివర వేలితో తాకితే, వాళ్ళ బదులు నేను గుర్తు పెట్టేవాణ్ణి. కలం తాకితే ఒప్పుకున్నట్టు లెక్క. కాగితంలో పదకొండు షరతులుండేవి. నేను నాలుగు చదివేవాణ్ణి. పనికి రాని రోజులు, జబ్బు పడిన రోజులు, జైల్లో గడిపిన రోజులు మూడేళ్ళలో కలవవని, చివర్లో చేర్చి చేయించుకుంటారని ఉండే షరతు నేను ఎన్నడూ చదవలేదు. నన్నెవరూ చదవొద్దనలేదు. మధ్యాహ్నం అయ్యేది, ఆకలేసేది, వినేవాళ్ళు కూడా ఎటో చూస్తూ నిలబడేవాళ్ళు. అంతకు మించి కారణం లేదు.

సలామా ఒక్కటే అడిగింది. "నా పిల్ల పేరు అందులో ఎక్కడైనా రాశారా?"

లేదన్నాను. మళ్ళీ చూడమంది. చూసి, లేదన్నాను. ఆమె ముఖం విప్పారింది. వచ్చి కలం చివర మెల్లగా తాకింది.

తోటలో తిండి జాబితా ఇంకొకటి ఉంటుంది. కూలీకి రోజుకింత బియ్యం, వెంట పిల్లలుంటే తలకు అందులో సగం. గుమాస్తా పిల్ల పేరు చెప్పమన్నాడు. సలామా పిల్లను తన వెనక్కి లాక్కుంది. రెండోసారి అడిగితే, రాయడానికి నాకు పిల్లలెవరూ లేరంది. మెలూర్ ఆమె బట్ట చెంగు పట్టుకుని నిలబడే ఉంది. గుమాస్తాకు నవ్వొచ్చింది. లేదన్నది వాళ్ళమ్మే కదా అని గీత గీసి ఊరుకున్నాడు. పేరు రాసుకోవడం అన్నం పెట్టడానికి కూడా కావచ్చునని ఆమెకు ఎలా తెలుస్తుంది? ఆమె పుట్టి పెరిగిన చోట పేరు రాశారంటే పిల్ల పోయినట్టే.

అలా ఒక మనిషి బియ్యం ఇద్దరు తిన్నారు. ఏడాది తిరిగేసరికి పిల్ల కాళ్ళు వాచాయి. అప్పుడు సలామా గుమాస్తా దగ్గరికి పోయి అడిగింది. జాబితా అయిపోయింది, కలుపు గుంపులో దాని పేరు కూడా రాయించు, పని చేస్తే బియ్యం ఇస్తాం అన్నాడు వాడు. సలామా తిరిగి వచ్చేసింది. తరవాత ఒక రోజు పని మానేసి, పిల్లను వీపు మీద వేసుకుని, ఆకు వైద్యుడున్న ఊరికి నడిచి వెళ్ళింది. మూడో రోజు బంట్రోతులు పట్టుకొచ్చారు.

అనుమతి లేకుండా తోట విడిచినందుకు పద్నాలుగు రోజుల జైలు. చెప్పినవాడు అదే దొర, మార్చి చెప్పినవాణ్ణి నేనే. ఈసారి నాకు ఒళ్ళు పులకరించలేదు.

జైలు కచేరీ వెనకే. దుంగల కంచె, రెండు పాకలు. ఆడవాళ్ళను ఒక పాకలో కూర్చోబెట్టి కొబ్బరి డొక్కలు నలగ్గొట్టించి పీచు తీయించేవాళ్ళు. తిండి మాత్రం కొలత ప్రకారం పెట్టేవాళ్ళు. ఇంత బియ్యం, ఇంత పప్పు, వారానికి మూడుసార్లు ఎండు చేప. తూకం తగ్గితే జైలరు ఉద్యోగం ఊడుతుంది. తోటలో ఎముకల గూడైపోయిన సలామా జైల్లో ఒళ్ళు చేసింది. శిక్ష పడని పిల్లను లోపలికి రానివ్వరు కనుక మెలూర్ కంచె బయట నిలబడేది. సలామా అన్నం ముద్ద కట్టుబట్ట మడతలో దాచి దుంగల సందులోంచి అందిస్తూ దొరికిపోయింది. సర్కారు తిండి దొంగిలించినందుకు ఇంకో వారం వేశారు. జైలరు ఆ సంగతి నాకు నవ్వుతూ చెప్పాడు. నా చేతిలో ఉన్న టీ గిన్నె కింద పెట్టి లేచి వచ్చేశాను.

రెండోసారి పారిపోతే నెల. మూడోసారి ఆమెను తెచ్చి నిలబెట్టిన రోజుల్లో పినాంగులోని పై దొరల నుంచి మా దొరకు ఒక ఉత్తరం వచ్చి ఉంది. ఒప్పందపు కూలి కూడా పేరు మార్చిన బానిసతనమేనని విలాయతులో కొందరు గొడవ చేస్తున్నారట, మేజిస్ట్రేట్లందరూ అభిప్రాయం రాయమని. మా దొర చెడ్డవాడు కాదు. నాలుగు రాత్రులు కూర్చుని రాశాడు. నన్ను పిలిచి చదివి వినిపించాడు కూడా. బానిస ఒప్పుకోలేదు, కూలీ ఒప్పుకున్నాడు. బానిసకు గడువు లేదు, కూలీకి ఉంది. ఖైదీ ఒప్పుకోకపోయినా, చేసినదానికి అనుభవిస్తున్నాడు. బానిస పిల్లలు బానిసలు, కూలీ పిల్లలూ ఖైదీ పిల్లలూ ఎవరి సొత్తూ కారు. ఎలా ఉంది మున్షీ అన్నాడు. అందులో ఒక్క అబద్ధమైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు. బాగుందండి అన్నాను, ఆ మాటతో నా నాలుక మీద ఏదో జిగురు అంటుకున్నట్టయింది.

దొరకు అప్పుడే ఒక ఆలోచన వచ్చింది. ఈమె మూడూ చూసింది కదా, ఏది నయమో అడుగు, రాసుకుంటాను అన్నాడు. కలం పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. నేను అడిగాను.

ఆమెను అలాంటి ప్రశ్న ఎవరూ ఎప్పుడూ అడిగి ఉండరు.

"పంగ్లిమా ఇంట్లో నా పిల్ల నాతోపాటే తినేది. కాని అది ఆయనది. ఉంచుకుంటే ఉంచుకుంటాడు, పెళ్ళి సారెలో పెట్టి పంపితే పంపుతాడు. తోటలో పిల్ల నాది. నాది కాబట్టి దానికి బియ్యం లేవు. మీ జైల్లో నాకు చేప కూడా పెడుతున్నారు, పిల్ల బయట నిలబడి నేను తినడం చూస్తోంది. నాదేముందండీ, నేను ఎక్కడైనా పని చేస్తా, ఎక్కడైనా పడుకుంటా. మీ ముగ్గుర్లో నా పిల్లని నాకే వదిలేసి దానికింత అన్నం పెట్టేది ఎవరో చెప్పండి, అదే నయం అని రాసుకోండి."

నేను ఒక్క మాట పోకుండా మార్చి చెప్పాను. దొర తల ఊపుతూ రాసుకున్నాడు. చాలా విలువైన సాక్ష్యం అన్నాడు. ఇసక చల్లి సిరా ఆరబెట్టి, కాగితం పక్కన పెట్టి, ఆ తరవాత గుమాస్తా ఇచ్చిన జాబితా అందుకున్నాడు. మూడోసారి పారిపోయినందుకు మూడు నెలలు.

దొర మీద, గుమాస్తా మీద, జైలరు మీద, అవతలి ఒడ్డున పట్టు లుంగీలో తిరిగే ఆలాంగ్ మీద, అందరి మీదా ఒకేసారి అసహ్యం పుట్టింది. ఆ ఊపులోనే జైలు కంచె దగ్గరికి వెళ్ళాను. పిల్లను నేను మా ఇంటికి తీసుకెళతానని సలామాతో చెప్పాను. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. ఎక్కడైనా పేరు రాస్తారా అని అడిగింది.

"ఏ కాగితమూ లేదమ్మా. ఎక్కడా రాయను. నా కూతురనుకుని పెంచుతాను," అన్నాను.

సలామా దుంగల మధ్య నుంచి చెయ్యి చాపి నా కాళ్ళు తాకబోయింది. నేను వెనక్కి జరిగాను. మెలూర్‌ను వేలు పట్టుకుని ఇంటికి నడిపించుకుపోతుంటే, ఈ ఒడ్డున మనిషన్నవాడు నేనొక్కణ్ణే ఉన్నానని అనిపించింది.

మొదటి నెల పిల్ల తిని పడుకునేది. కాళ్ళ వాపు తగ్గింది. తరవాత ఎవరూ చెప్పకుండానే రొకియా వెనకాల తిరుగుతూ చిన్న చిన్న పనులు అందుకుంది. ఎంత బుద్ధిమంతురాలో చూడండి అని రొకియా మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. నీళ్ళు తేవడం దాని పనైంది. తరవాత వడ్లు దంచడం. మా పెద్దవాడు అప్పటికి రెండేళ్ళవాడు, మరుసటేడు చిన్నవాడు పుట్టాడు. ఇద్దరూ దాని చంకలోనే పెరిగారు. పెద్దవాడికి ఖురాను చెప్పే ముల్లా వస్తే, మెలూర్ తలుపు పక్కన నిలబడి చిన్నవాణ్ణి ఊపుతూ వినేది. దాన్ని కూడా కూర్చోమనాలని నాకు తోచలేదు. ముందు మాతోపాటే తినేది, తరవాత మేము తిన్నాక తినడం మొదలుపెట్టింది. ఏ రోజు నుంచి అలా మారిందో ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాదు. వీధిలో ఎవరైనా అడిగితే పెంపుడు కూతురు అని చెప్పేవాళ్ళం. అందరూ మెచ్చుకునేవాళ్ళు.

సలామా ఏడాదికోసారి, ఉపవాసాల పండగకు తోట సెలవిస్తే వచ్చి వెళ్ళేది. పిల్ల కాళ్ళు చేతులు తడిమి చూసి, బలంగా ఉందని సంతోషపడి, చీకటి పడకముందే పోయేది. మళ్ళీ పారిపోలేదు. పారిపోవలసిన అవసరం తీరింది కదా. జబ్బు రోజులూ జైలు రోజులూ అన్నీ కలుపుకుని మూడేళ్ళ కాగితం ఐదేళ్ళకు తెగింది.

తెగిన రోజే వచ్చింది. చేతిలో తోట ఇచ్చిన విడుదల చీటీ. ముప్ఫై దాటిందో లేదో, పళ్ళు సగం లేవు, జుట్టు నెరిసింది. కాని ముఖం వెలుగుతోంది. ఏటి దిగువన చాపలు అల్లే ఆడవాళ్ళ దగ్గర చోటు దొరికిందట. మెలూర్‌ను తీసుకుపోతానని చెప్పింది.

మెలూర్ మా చిన్నవాణ్ణి చంకన వేసుకుని వంటింటి గడపలో ఉంది. పదకొండేళ్ళది. అమ్మ మాట విని ముందుకు రాబోయి, ఆగి, రొకియా ముఖం వైపు చూసింది. వెళ్ళొచ్చా అని నోటితో అడగలేదు. రొకియా కళ్ళలో ఏముందో చూసి అక్కడే నిలబడిపోయింది. సలామా కూతుర్ని చూసింది, రొకియాను చూసింది. ఆమె ముఖంలో వెలుగు పోయింది.

రొకియాకు నెలలు నిండుతున్నాయి. ఇప్పుడే తీసుకుపోతే ఇల్లెలా గడుస్తుందని మెల్లగా గొణిగింది. నేను మాట్లాడాలి. తీసుకెళ్ళమ్మా అంటే సరిపోయేది. ఆ మాట కోసమే నోరు తెరిచాను. వచ్చింది వేరే.

"ఇన్నాళ్ళూ కన్నబిడ్డలా తిండి పెట్టాం సలామా. ఉన్నపళంగా వచ్చి పంపమంటే ఎలా? పురుడు కానీ, చూద్దాం," అన్నాను.

ఆ మాటలు నా గొంతులో ఎంత మర్యాదగా వచ్చాయంటే, ఆలాంగ్ కూడా అంత మర్యాదగా అనలేడు. పంతొమ్మిదేళ్ళు నేను ఎవరెవరి మాటలో పలికాను. ఇది మాత్రం ఎవరి మాటా కాదు, నాదే.

"పురుడయ్యాక?" అంది సలామా.

నేను టోపీ సర్దుకున్నాను.

"తోటలో అడిగితే గుమాస్తా కాగితం చూసి ఇన్ని రోజులనేవాడు. జైల్లో కూడా చెప్పేవాళ్ళు. మీ దగ్గర కాగితం లేదుగా మున్షీగారూ. ఎన్నాళ్ళో నేను ఎవర్ని అడగను?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. మెలూర్ చంకలో పిల్లవాడు ఏడుపు మొదలుపెడితే, మెలూర్ వాణ్ణి ఊపుతూ లోపలికి పోయింది. సలామా కాసేపు ఆ గడప వైపే చూస్తూ నిలబడింది. తరవాత విడుదల చీటీ నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది.

"అయితే నేనూ ఇక్కడే ఉంటాను. రోలు ఎక్కడుందో చెప్పమ్మా," అంది రొకియాతో.

రొకియా నా వైపు చూసింది. నేను తల వంచుకుని చెప్పులు చూసుకున్నాను. రొకియా ఆమెను పెరట్లోకి తీసుకెళ్ళింది. కాసేపటికి దంపుడు చప్పుడు మొదలైంది, ముందు ఒక రోకలి, తరవాత రెండు.

మధ్యాహ్నం వాళ్ళిద్దరూ దంచిన బియ్యంతో అన్నం వండి పెట్టారు. గొంతు దిగదనుకున్నాను. దిగింది. రెండోసారి కూడా పెట్టించుకున్నాను.